ఇల్లు మారితే ఇష్టమైన అడవితో అనుబంధం ఏమవుతుంది?

మోదుగ_చిగురు
చాలా ఏళ్ళుగా గండిమైసమ్మ దగ్గర ఉంటున్నాము. దుండిగల్, గుమ్మడిదల దాటితే నర్సాపూర్ అడవి వస్తుంది. నాన్నగారు పోయిన తరువాత మనసు కుదుటపడక అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ అడవి నాకు దగ్గరి చుట్టమైపోయింది. నల్లమద్ది చెట్లు ఏ వాగు పక్కన గుంపుగా ఉన్నాయో, ఏ పుట్టకు దూరంగా నడవాలో, తొలకరి పడగానే ఆరుద్ర పురుగులు ఏ ఇసుక నేల మీద తిరుగుతాయో నాకు తెలుసు. గుడిలో దండం పెట్టుకున్నప్పుడు కలిగే నెమ్మది నాకు ఆ చెట్ల కింద ఇంకా ఎక్కువగా కలుగుతుంది. ఈ మాట ఇంట్లో చెబితే అందరూ వింతగా చూస్తారు.

అత్తమామల ఆరోగ్యం దృష్ట్యా దసరా తరువాత హయత్‌నగర్‌కు ఇల్లు మారుతున్నాము. ఆ కొస నుంచి నర్సాపూర్ వెళ్ళి రావాలంటే రోజంతా పడుతుంది. హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం మనకు దగ్గరే కదా, అక్కడికి వెళ్ళవచ్చు కదా అని మావారు అంటున్నారు. ఆయన మంచికే చెప్పారు. కానీ ఒక అడవిని వదిలి ఇంకొక అడవితో మనసు కలుపుకోవడం ద్రోహంలా అనిపిస్తోంది. ఒకే అడవితో ఇటువంటి బంధం పెంచుకున్నవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? దూరమైనప్పుడు ఏం చేశారో చెబితే మేలు చేసినవారవుతారు.

బాచుపల్లి_బాటసారి
మీరు చెప్పిన ఆ నల్లమద్ది గుంపు నాకూ తెలుసు. నేనూ వెళ్ళేది అక్కడికే. ఇందులో వింత ఏమీ లేదు, మీకు తోడుగా ఈ ఊళ్ళో చాలామందిమి ఉన్నాము.

లెక్క_తేల్చుదాం
దీనిని ఆధ్యాత్మికం అనవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అడవిలో నడిస్తే రక్తపోటు, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ తగ్గుతాయని జపాన్‌లో చాలాకాలంగా పరిశోధనలు జరుగుతున్నాయి. అక్కడి అటవీ శాఖ 1982లోనే శిన్రిన్‌-యోకు అనే పేరుతో అడవిలో తీరుబడిగా గడపమని ప్రజలను ప్రోత్సహించింది. ఇంగ్లండులో దాదాపు 20,000 మంది సమాచారాన్ని పరిశీలించి 2019లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువని అందులో తేలింది. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా ఫలితంలో తేడా లేదు. ఈ లెక్కన మీకు కావలసింది చెట్లు, గాలి, నడక. అవి హరిణ వనస్థలిలోనూ దొరుకుతాయి. కాబట్టి ద్రోహం అనే ప్రశ్నే లేదు.

తెల్లవారుజాము
లెక్క_తేల్చుదాం గారు చెప్పిన అధ్యయనాలను నేను కాదనను, కానీ ఆవిడ అడిగినది ఆరోగ్యం గురించి కాదు. మందు అయితే ఏ దుకాణంలో కొన్నా ఒకటే. బంధం ఒక ఫలానా చోటుతోనే కుదురుతుంది.

నేను జూబ్లీహిల్స్‌లో, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంలో నడుస్తాను. అది నాలుగు వందల ఎకరాలకు కాస్త తక్కువ. చుట్టూ వాహనాల రొద, మధ్యలో చిరాన్ ప్యాలెస్. దానిని అడవి అనడానికే కొందరు ఒప్పుకోరు. మొదట్లో నాకూ అది నడకదారి మాత్రమే. ఒకరోజు దారి పక్కన ఉన్న చెట్టు పేరేమిటని ఒక పెద్దాయనను అడిగాను. చండ్ర అన్నారు. మరునాడు దాని పక్కనున్నదేమిటని అడిగాను. బిల్లుడు అన్నారు. పేర్లు తెలిసేకొద్దీ వాటిని పలకరించకుండా దాటి వెళ్ళడం కష్టమైంది. ఇప్పుడు ఏ చెట్టు ఆకు రాల్చిందో, ఏది ఇంకా నిలుపుకుందో చూసుకోకుండా ఇంటికి వస్తే ఆ రోజు వెలితిగా ఉంటుంది. ఉద్యానవనం చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతున్నారని తెలిసి 2016లో అక్కడ నడిచేవారు ఎంతోమంది చేతులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. వారిని అక్కడికి రప్పించినది వారానికి ఇన్ని నిమిషాలనే లెక్క కాదు.

గునుగుపూవు
అమ్మా మోదుగ_చిగురు, నీ ప్రశ్న చదివి నా మనసు కదిలింది. వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

అడవితో బంధం మన ఆడవాళ్ళకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. మా ఊరు సిద్దిపేట దగ్గర. పెత్తరమాస నాటికి బతుకమ్మ పేర్చడానికి గునుగు, తంగేడు కోసం గుట్టల మీదికి వెళ్ళేవాళ్ళం. ఏ గట్టు మీద తంగేడు విరగబూస్తుందో మా అమ్మకు తెలుసు, ఆమెకు ఆమె అమ్మ చెప్పింది. ఎన్ని పూలున్నా చెట్టును దులిపి తెచ్చుకునేవాళ్ళం కాదు, తరువాత వచ్చేవాళ్ళకు వదిలేవాళ్ళం. దసరా రోజున జమ్మిచెట్టు చుట్టూ తిరిగి ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెడతాము, పాలపిట్ట కనబడితే చాలునని ఊరి బయటికి వెళ్తాము. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనం చేస్తాము. ఇవన్నీ ఏమిటనుకుంటున్నావు? హయత్‌నగర్ అవతల కూడా తంగేడు పూస్తుంది. నర్సాపూర్ నేల, ఆ నేల వేరు వేరు కావు, రెండూ ఒకే దక్కను రాతి నేల.

మోదుగ_చిగురు
గునుగుపూవు అమ్మా, మీరు నన్ను నువ్వు అనడమే బాగుంది. రెండు చోట్లా ఒకే తంగేడు అన్న మాట నాకు ఇంతవరకు తట్టలేదు.

నల్లమల_పంతులు
నేను కొంత కటువుగా రాయబోతున్నాను, దయచేసి అపార్థం చేసుకోవద్దు. నేను నల్లమల అడవిలో, మన్ననూరు ప్రాంతంలో ఉపాధ్యాయుడిని. సెలవులకు హైదరాబాదు వస్తూ పోతూ ఉంటాను. ఆదివారాలు నగరం నుంచి మా వైపు వచ్చేవారు అడవిలో ప్రశాంతత వెతుక్కుంటారు. మా దగ్గరి చెంచులకు అడవి ప్రశాంతత ఇచ్చే చోటు కాదు, కూడు పెట్టే చోటు. కొండముచ్చు ఉలిక్కిపడి అరిస్తే వారు ఆగి, ఆ అరుపు ఎటు నుంచి వచ్చిందో, చిరుతకా, పెద్దపులికా అని ఆలోచిస్తారు. తేనె కోసం కొండచరియ మీద తాడు కట్టుకుని దిగేవాడు పైన తాడు పట్టడానికి బావమరిదినే నిలబెడతాడని చెబుతారు. చెల్లెలి పసుపు కుంకుమలు అతడి చేతిలో ఉంటాయి కాబట్టి ఆ తాడును వదలడు. కిందికి దిగినవాడు తెట్టెనంతా కోసుకుని రాడు, ఈగలకు కొంత వదిలేస్తాడు. వారి బంధంలో ఆకలి ఉంది, ప్రాణభయం ఉంది, మర్యాద ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. అందులోని పెంటల (చెంచు గూడేల) నుంచి చెంచు కుటుంబాలను బయటికి తరలించడానికి పరిహారాలు ప్రకటిస్తున్నారు. అడవిని వదిలి ఎలా ఉండాలన్న ప్రశ్న వారికి ఇల్లు మారే ప్రశ్న కాదు, బతుకు మారే ప్రశ్న.

మోదుగ_చిగురు గారి దుఃఖాన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పలేదు. అడవి మీద ప్రేమ ఉన్నవారు ఆ అడవిలో పుట్టిన మనుషుల గురించి కూడా ఒక మాట తెలుసుకోవాలని నా కోరిక. నర్సాపూర్ అడవి అంచు తండాల్లో ఎవరితోనైనా మీకు పరిచయం ఉందా?

మోదుగ_చిగురు
పంతులు గారూ, ఉంది. సీతాఫలాల కాలంలో రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చునే ఒక లంబాడీ అవ్వ ఉంది. ఏ కాయ రేపటికి పండుతుందో కన్ను విప్పినదాన్ని చూసి చెబుతుంది. కాయ మీది గళ్ళ మధ్య సందులు తెల్లబడి విచ్చుకుంటే కన్ను విప్పింది అంటారు. అడవిలో ఏ దారి ఎటు పోతుందో నాకు మొదట చెప్పింది ఆమే. నేను వెళ్ళిపోతున్న సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

నల్లమల_పంతులు
ముందు ఆమెకు చెప్పండి. చైత్ర పౌర్ణమికి మా దగ్గర సలేశ్వరం జాతర జరుగుతుంది. దట్టమైన అడవిలో లోయలోకి దిగి, జలపాతం పక్కనున్న గుహలోని లింగమయ్యను దర్శించుకోవాలి. అక్కడ పూజారులు చెంచులే. లోయలోకి దిగేవారు వస్తున్నాం లింగమయ్యా అని కేకలు వేస్తారు. ఎక్కి వచ్చేవారు పోయొస్తాం లింగమయ్యా అంటారు. చెప్పకుండా ఎవరూ వెళ్ళిపోరు. మీరూ నర్సాపూర్‌కు చెప్పి వెళ్ళండి. గొంతెత్తి చెప్పడానికి సంకోచపడవలసిన పని లేదు.

చెవులే_కళ్ళు
నాకు పుట్టుకతోనే చూపు లేదు, ఇవన్నీ ఫోన్ చదివి వినిపిస్తుంది. చెట్టును చూడడం గురించే అందరూ రాస్తున్నారు కాబట్టి నా సంగతి కూడా చెబుతాను. చిలుకూరు దగ్గర మృగవని జాతీయ ఉద్యానవనానికి మా అన్నయ్య నన్ను తీసుకెళ్తాడు. అక్కడ నాకు దారి అడుగుల కింద తెలుస్తుంది. ఎండాకాలం టేకు ఆకు మీద అడుగు వేస్తే పెద్ద చప్పుడుతో విరుగుతుంది. వెదురు ఆకు మీద నడిస్తే మెత్తగా గుసగుసలాడుతుంది. పచ్చి టేకు ఆకు గరుకు కాగితంలా వేళ్ళకు తగులుతుంది. సీతాఫలం ఆకు నలిపితే వచ్చే ఘాటును ఒకసారి పీల్చినవారు ఇక మరిచిపోరు. వాన రాబోయే ముందు ఇలకోళ్ళ రొద ఒక్కసారిగా ఆగిపోయిన చోట నేను నిలబడిపోతాను. దేవుడి సన్నిధి అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే, ఆ రొద ఆగిన క్షణమని చెబుతాను. వేరే అడవికి వెళ్ళినప్పుడు నాకు మొదట అంతా గందరగోళంగా ఉంటుంది. కొత్త అడవి చప్పుళ్ళు తెలియాలంటే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాలి. మోదుగ_చిగురు గారు కూడా హరిణ వనస్థలికి అంత గడువు ఇచ్చి చూడాలి.

లెక్క_తేల్చుదాం
చెవులే_కళ్ళు గారు రాసినది చదివి నా మొదటి మాటకు కొంత చేర్చాలనిపించింది. ఇన్ని నిమిషాలు గడిపితే ఇంత మేలు అని అధ్యయనాలు చెబుతాయి. ఆ నిమిషాల్లో మనిషి దేని మీద మనసు పెడుతున్నాడో వాటిలో ఉండదు. అయినా ఆధ్యాత్మికం అనకుండానే దీనిని వివరించవచ్చని నా అభిప్రాయం. ఏకాగ్రత అంటే సరిపోతుంది.

తెల్లవారుజాము
ఏకాగ్రత కుదిరిన తరువాత లోపల పుట్టే కృతజ్ఞతను ఏమంటారు? దానికి ఎవరికో ఒకరికి నమస్కరించాలనిపిస్తుంది కదా.

లెక్క_తేల్చుదాం
నాకూ నమస్కరించాలనిపిస్తుంది. ఎవరికన్నది మాత్రం నేను చెప్పలేను.

బాచుపల్లి_బాటసారి
నర్సాపూర్ దారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక బాధ ఇక్కడ చెప్పుకుంటాను. ఆదివారం వస్తే చాలు, రోడ్డు పొడవునా కార్లు ఆపి కోతులకు అరటిపళ్ళు, బిస్కెట్లు, రొట్టెలు పంచుతారు. పిల్లల చేత పెట్టించి ఫొటోలు తీస్తారు. ఇది భక్తి అంటారు, అడవి మీద ప్రేమ అంటారు. ఈ బంధం గురించి మీరంతా ఏమనుకుంటున్నారు?

గునుగుపూవు
మంగళవారం, శనివారం హనుమంతుడి పేరు మీద పెట్టేవాళ్ళు ఉన్నారు నాయనా. వాళ్ళ మనసులో చెడ్డ ఉద్దేశం ఉండదు. ఎండాకాలంలో అడవిలో నీళ్ళు, కాయలు లేక అవి అల్లాడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎలా?

విశ్రాంత_వనోద్యోగి
గునుగుపూవు గారి దయను గౌరవిస్తూనే ఈ విషయంలో విభేదిస్తున్నాను. నా ఉద్యోగ జీవితమంతా అడవుల్లో, ఎక్కువ భాగం మెదక్ వైపే గడిచింది. కోతి అడవిలో తిరుగుతూ రేల, మేడి, తునికి పండ్లు తిని, గింజలను దూరదూరంగా విడిచిపెడుతుంది. కొత్త మొక్కలు అలా లేస్తాయి. రోడ్డు పక్కన కూర్చుని బిస్కెట్టుకు అలవాటు పడిన కోతి అడవి లోపలికి వెళ్ళడం మానేస్తుంది. వాహనాల కింద పడుతుంది. తిండి చేతికి అందకపోతే మనిషి మీదికి వస్తుంది, ఆ తరువాత ఊళ్ళలోని కూరగాయల పంటల మీద పడుతుంది. దానికి పెట్టే అరటిపండు పుణ్యం అనిపించినా, అడవికి విత్తనాలు మోసే పనివాడిని మనం రోడ్డు మీద కట్టేస్తున్నట్లే. నీళ్ళ కోసం వేసవిలో అటవీ శాఖ లోపల సాసర్ గుంతలు కట్టి ట్యాంకర్లతో నింపుతుంది. దయ చూపాలంటే కారు ఆపకుండా వెళ్ళిపోవడమే చాలు.

ఇప్పుడు హరిణ వనస్థలి సంగతి చెబుతాను, ఎందుకంటే మోదుగ_చిగురు గారు అక్కడికి వెళ్ళి నర్సాపూర్‌తో పోల్చితే నిరాశ పడతారేమోనని నా భయం. అది ఒకప్పుడు నిజాం పాలకుల వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. 3,600 ఎకరాలకు పైగా విస్తీర్ణం ఉంటుంది. అక్కడ మీరు వెతకవలసినది చెట్ల గుబురు కాదు, గడ్డి. కృష్ణజింకకు బయలు కావాలి. ప్రమాదాన్ని దూరం నుంచే కనిపెట్టి పరుగెత్తడమే దానికి రక్షణ, పొదల్లో దాక్కోవడం దాని పద్ధతి కాదు. చుట్టూ ఖాళీగా కనిపిస్తోందని చెట్లు నాటితే దాని ఇంటిని మనమే చెరిపినవాళ్ళమవుతాము. మొక్కలు నాటడం ప్రతిచోటా మంచి పనే అనుకునేవారికి ఈ మాట రుచించదు, నేను సర్వీసులో ఉన్నప్పుడు చాలాసార్లు వాదించవలసి వచ్చింది.

తెల్లవారి ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్ళండి. వయసొచ్చిన మగ జింక వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి. అది తన హద్దులో ఒకే చోట పెంటికలు వేస్తుంది, రోజు రోజుకూ ఆ కుప్ప పెరుగుతుంది. కంటి ముందు ఉన్న గ్రంథిని గడ్డిపోచ కొసకు మెల్లగా రాస్తుంది. అంత పెద్ద జంతువు, అంత సన్నని పోచను కంటికి గుచ్చుకోకుండా ఎంత ఒడుపుగా పట్టుకుంటుందో చూడాలి. అది పొరుగు మగ జింకకు రాసిన హద్దు రాయి. అది చూసిన రోజు మీకు ఆ మైదానం ఖాళీగా కనిపించదు.

గునుగుపూవు
రోడ్డు పక్కన పెట్టడం తప్పని ఒప్పుకుంటున్నాను, గింజల సంగతి నాకు తెలియదు. మా వాడకట్టులోని హనుమంతుడి గుడి భక్తులకు కూడా చెబుతాను.

మూసీ_ఒడ్డు
చాదర్‌ఘాట్‌లో పుట్టి పెరిగాను. మాకు నది అంటే దుర్వాసన, దోమలు. ఒకసారి మా అబ్బాజాన్ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు తీసుకెళ్ళి, ఇక్కడే మన మూసీ పుడుతుందని చూపించారు. ఆ చెట్ల కింద తడి నేల మీద చేయి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. 1908 వరదలో మా ముత్తాతల ఇల్లు కొట్టుకుపోయిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ వరద తరువాతే నగరాన్ని కాపాడడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ కట్టారు, మా తరాలన్నీ ఆ నీళ్ళు తాగాయి. అంటే అనంతగిరి అడవి మీద పడ్డ వాన మా ఒంట్లో ఉంది. నేను నమాజు చేసేవాణ్ణి. అక్కడికి వెళ్ళినప్పుడు అల్లాకు చెప్పుకునే కృతజ్ఞతలో ఆ కొండ కూడా ఉంటుంది. ఏడాదికి ఒకసారి వెళ్ళినా నాకు ఆ బంధం తగ్గినట్లు అనిపించలేదు. దూరంలో ఉన్న అడవి కూడా మనకు అందుతూనే ఉంటుంది.

గచ్చిబౌలి_గుట్ట
మీ అందరికీ తిరిగి వెళ్ళి చూసుకోవడానికి అడవి ఉంది. నేను గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయ విద్యార్థిని. కంచ గచ్చిబౌలి అనే ఆ 400 ఎకరాల్లో బండరాళ్ళ మధ్య నడిచి నా చదువు ఒత్తిడిని తట్టుకున్నాను. నక్షత్ర తాబేలును బోనులో కాకుండా నేల మీద మొదటిసారి చూసింది అక్కడే. 2025 మార్చి చివర చెట్లు తొలగించడానికి యంత్రాలు వచ్చాయి. రాత్రంతా నెమళ్ళు అరుస్తుంటే మేము నిద్రపోలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమని ఆదేశించేసరికే దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. ఎవరైనా పోతే పదకొండో రోజు, మాసికం అని మనకు ఒక పద్ధతి ఉంది. అడవి పోతే ఏ పద్ధతి ఉంది? అది ఖాళీ స్థలమే కదా అని బంధువులు అన్నప్పుడు నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. మోదుగ_చిగురు గారూ, మీరు దూరమవుతున్నారు అంతే, మీ అడవి మాత్రం ఉంది. నాకు మీ మీద కొంచెం అసూయగా కూడా ఉంది.

మేడారం_బిడ్డ
గచ్చిబౌలి_గుట్ట గారి పోస్టు చదివి ఆగలేక రాస్తున్నాను. ఉప్పల్‌లో ఉంటున్నా మాది తాడ్వాయి మండలం. 2024 ఆగస్టు 31న మా అడవిలో సుడిగాలి వీచింది. వందల ఎకరాల్లో, వేల సంఖ్యలో పెద్ద పెద్ద చెట్లు కొద్దిసేపట్లో నేలకొరిగాయి. అన్నీ వేళ్ళతో సహా లేచి పడి ఉంటే, వాటి మధ్య నిలబడిన మా బాబాయి నోట మాట రాలేదు. ఆ గాలి ఊళ్ళ మీదికి వచ్చి ఉంటే మనుషులు మిగిలేవారు కారని, సమ్మక్క సారలమ్మలే అడవిని అడ్డుపెట్టారని మా వాళ్ళు నమ్ముతారు, నేనూ నమ్ముతాను. మా తల్లులకు విగ్రహాలు లేవు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణ రూపంలో సమ్మక్క వస్తుంది, జాతర అయిపోగానే మళ్ళీ అడవిలోకే వెళ్తుంది. అడవి కూలినా ఆ గుట్ట మీద మా మొక్కు ఆగలేదు. మీరు నడిచిన చోటికి వెళ్ళి ఒక కొబ్బరికాయ కొట్టండి, లేదా మీకు తోచినట్లు దండం పెట్టండి. ఎవరు ఏమన్నా పట్టించుకోకండి.

గచ్చిబౌలి_గుట్ట
మేడారం_బిడ్డ గారూ, వచ్చే ఆదివారం వెళ్తాను. కొన్ని బండలు, వాటి పక్కన చిగురిస్తున్న మొద్దులు ఇంకా ఉన్నాయని స్నేహితులు చెప్పారు.

విశ్రాంత_వనోద్యోగి
మొద్దులు చిగురించడం మంచి విషయం. మన ఆకురాల్చే అడవుల్లో మోదుగ, తునికి, బిల్లుడు వంటివి నరికినా వేరు నుంచి మళ్ళీ లేస్తాయి. వాటిని తొక్కకుండా, అక్కడ కొత్త మొక్కలు తెచ్చి నాటకుండా వదిలేస్తే చాలు.

పంతులు గారు చెప్పిన మర్యాద గురించి ఒక మాట. 2024 మార్చిలో పాపికొండల ప్రాంతంలో కొండరెడ్లనే గిరిజనులు చెప్పగా అటవీ అధికారులు ఒక నల్లమద్ది బెరడుకు గాటు పెట్టి చూస్తే మాను నుంచి నీళ్ళు చిమ్మాయి. ఎండాకాలం కోసం ఆ చెట్టు కాండంలో నీళ్ళు దాచుకుంటుంది. ఆ వీడియో చూసి ఎవరూ నర్సాపూర్ మద్దిచెట్లకు గాట్లు పెట్టవద్దని వేడుకుంటున్నాను. కొండరెడ్లకు ఏ చెట్టు, ఏ కాలం, ఎంత గాటు అన్నది తెలుసు, మనకు తెలియదు. చెవి ఆనించి వినండి, చేయి పెట్టి చూడండి, అంతవరకే.

మోదుగ_చిగురు
మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. నిన్న అవ్వకు చెప్పాను. ఆమె పెద్దగా ఏమీ అనలేదు, అప్పుడే కన్ను విప్పుతున్న కాయలు నాలుగు ఏరి, కొత్త ఇంటికి వెళ్ళాక పండుతాయని గంప కింద నుంచి తీసి ఇచ్చింది.

హరిణ వనస్థలికి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడువు ఇవ్వమన్న సలహా పాటిస్తాను. అయితే నర్సాపూర్ విషయంలో చూడడానికి వెళ్ళి రావడం ఒక్కటే నాకు తృప్తినివ్వదు. ఇన్నాళ్ళూ నేను తీసుకున్నదే ఎక్కువ. అంత దూరంలో ఉండి కూడా ఆ అడవికి పనికొచ్చే విధంగా చేయగలిగినది ఏమైనా ఉంటే చెప్పండి. డబ్బు ఇవ్వడం గురించి అడగడం లేదు.

బాచుపల్లి_బాటసారి
నేను ఇక్కడే ఉంటాను కాబట్టి వాగు పక్కన ఏం జరుగుతోందో మీకు రాస్తూ ఉంటాను. చెట్లు కొట్టినా, చెత్త పోసినా ఇద్దరం కలిసి ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కరు రాసినదానికంటే ఇద్దరు రాసినదానికి జవాబు త్వరగా వస్తుందని నా అనుభవం.

విశ్రాంత_వనోద్యోగి
దూరంగా ఉండి చేయగలిగిన పని ఒకటి ఉంది, అది చిన్న పని కాదు. మన అడవులకు ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా నిప్పు భయం ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేయాలని, తునికికి కొత్త ఆకు బాగా రావాలని పెట్టే మంటలు, రోడ్డు మీదికి విసిరిన బీడీ ముక్కలు ఎండుటాకులో పడి వ్యాపిస్తాయి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా వేడి చోట్లను గుర్తించి హెచ్చరికలు పంపుతుంది. మామూలు పౌరులు కూడా ఆ సంస్థ వెబ్‌సైటులో పేరు, ఫోన్ నంబరు నమోదు చేసుకుని, తమకు కావలసిన ప్రాంతం ఎంచుకోవచ్చు. మీరు హయత్‌నగర్‌లో కూర్చున్నా మెదక్ జిల్లా హెచ్చరిక మీ ఫోన్‌కు వస్తుంది.

మోదుగ_చిగురు
హెచ్చరిక వచ్చిన వెంటనే నేను ఏం చేయాలి? అటవీ శాఖకు అది ముందే వెళ్ళి ఉంటుంది కదా, మళ్ళీ నేను ఫోన్ చేస్తే వారికి విసుగు అనిపించదా?

విశ్రాంత_వనోద్యోగి
విసుగు అనుకోరు. ఉపగ్రహం చూపించేది వేడి ఉన్న చోటును మాత్రమే. అది పొలంలో కొయ్యకాళ్ళు తగలబెట్టిన మంట కావచ్చు, అడవి మంట కావచ్చు. దారి తెలిసినవారు వాగుకు ఏ వైపు, ఏ బాట నుంచి చేరుకోవచ్చు అని చెబితే సిబ్బందికి సమయం కలిసివస్తుంది. మీకు ఆ బాటలన్నీ తెలుసు. ఇల్లు మారే ముందే నర్సాపూర్ రేంజ్ కార్యాలయానికి వెళ్ళి, మీ వివరాలు ఇచ్చి, బీట్ అధికారి నంబరు తీసుకోండి. బాచుపల్లి_బాటసారి గారిని కూడా వెంట తీసుకెళ్ళండి, ఎందుకంటే హెచ్చరిక వచ్చినప్పుడు రోడ్డు మీద నుంచి పొగ కనబడుతోందో లేదో చూసి చెప్పడానికి దగ్గరలో ఒకరు ఉండాలి. మంట కనిపిస్తే ఆయన లోపలికి వెళ్ళకూడదు. గాలి మళ్ళితే ఎండుగడ్డిలో మంట మనిషి పరుగుకంటే వేగంగా వస్తుంది.

బాచుపల్లి_బాటసారి
నేను సిద్ధం. మోదుగ_చిగురు గారూ, బుధవారం ఉదయం పది గంటలకు కార్యాలయం దగ్గర కలుద్దాము.

లెక్క_తేల్చుదాం
నేనూ ఇప్పుడే రంగారెడ్డి జిల్లాకు నమోదు చేసుకున్నాను. చిలుకూరు వైపు హెచ్చరిక వస్తే చెవులే_కళ్ళు గారి అన్నయ్యకు చెబుతాను, ఆయనకు అక్కడి దారులు తెలిసి ఉంటాయి.